తాడు విప్పేశాక కూడా గుర్రం మీతోనే నడవాలంటే

కళ్లెం లేదు, తాడు లేదు. మనిషి నడుస్తుంటే గుర్రం పక్కనే నడుస్తుంది, ఆగితే ఆగుతుంది, వెనక్కి తిరిగితే తనూ తిరుగుతుంది. ఇలాంటి వీడియోలు మీరూ చూసే ఉంటారు. దీన్ని లిబర్టీ ట్రైనింగ్ అంటారు. ఇందులో మాయేమీ లేదు, కాస్త ఓపిక, రోజూ ఓ పావుగంట టైమ్ ఉన్న మామూలు మనిషి మామూలు గుర్రంతో చేయగలిగిన పనే. కాకపోతే ఒక షరతు ఉంది. గుర్రం "నాకొద్దు" అని వెళ్లిపోతే మీరు వెళ్లనివ్వాలి. ఇది ఒప్పుకోలేకపోతే ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు, ఎందుకంటే కింద రాసిందంతా దాని మీదే నిలబడింది.

హైదరాబాద్ చుట్టుపక్కల, మొయినాబాద్ వైపో శంకర్‌పల్లి వైపో కాస్త జాగా ఉండి గుర్రం పెంచుకునేవాళ్లకి అది సాధారణంగా ఎక్కడినుంచి వస్తుందో చూడండి. మలక్‌పేట రేసుల్లో పరిగెత్తి రిటైరైన థరోబ్రెడ్, లేదంటే మహారాష్ట్రలో సారంగ్‌ఖేడా లాంటి సంతలో కొన్న మార్వాడీయో కాఠియావాడీయో, అదీ కాదంటే పెళ్లి ఊరేగింపుల్లో పెళ్లికొడుకుల్ని మోసి మోసి అలిసిన ఆడగుర్రం. నేను ఈ మూడో రకాన్నే ఉదాహరణగా తీసుకుంటాను, ఎందుకంటే దానితో పని కుదిరితే మిగతా రెండిటితోనూ కుదురుతుంది.

బరాత్ గుర్రం చూడ్డానికి చాలా బుద్ధిమంతురాలు. డీజే చెవుల్లో మోగుతున్నా, టపాసులు కాళ్ల దగ్గర పేలుతున్నా నిలబడే ఉంటుంది. కొన్నవాళ్లు "అబ్బ, ఎంత సాధువో" అని మురిసిపోతారు. కాస్త దగ్గరగా చూడండి. కళ్లు తెరిచే ఉంటాయి గానీ దేన్నీ చూడవు, చెవులు ఎటూ తిరగవు, మెడ మీద చెయ్యి వేస్తే ఈగ వాలినప్పుడు వణికేంతగా కూడా చర్మం వణకదు. ఏం చేసినా ఫలితం లేదని తెలిసి లోపలికి ముడుచుకుపోయిన జంతువు అది. అలాంటిదానికి స్వేచ్ఛ ఇస్తే మొదట చేసే పని మీకు దూరంగా పోవడం. కంగారు పడకండి, అలా పోయిందంటే ప్రాణం లేచొస్తున్నట్టే.

ముందు ఒళ్లు చూడండి

నొప్పి ఉన్న గుర్రంతో నమ్మకం గురించి మాట్లాడటం దండగ. నోటి మూలలు, నాలుక, దవడ లోపలి వైపు చూడండి, పాత మచ్చలు కనిపిస్తే ముళ్ల కళ్లెం వాడారని అర్థం. 1965 నాటి కేంద్ర నిబంధనల్లోనే ముళ్లున్న కళ్లేలు నిషేధించారు, అయినా ఊరేగింపుల్లో ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటాయి, ఎవరూ అడగరు. పళ్లు డాక్టర్‌కి చూపించండి. గుర్రం పళ్లు అరిగేకొద్దీ పైకి వస్తూనే ఉంటాయి, దవడ పళ్ల అంచులు పదునెక్కి బుగ్గల్ని కోస్తాయి, ఏడాదికోసారైనా వాటిని రాపించాలి. డెక్కలు ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కించాలి. వీపు సంగతి మీరే చూసుకోవచ్చు: మూపు దగ్గర మొదలుపెట్టి వెన్నెముకకి రెండు వైపులా వేళ్లతో మెల్లగా నొక్కుతూ తొంటి దాకా వెళ్లండి, ఏ చోటైనా వీపు చటుక్కున కిందికి కుంగినా, తోక విసిరినా, చెవులు వెనక్కి వాల్చినా అక్కడ నొప్పి ఉంది. కొత్తగా కొన్నదైతే గ్లాండర్స్ పరీక్ష తప్పకుండా చేయించండి, అది మనుషులకీ సోకే జబ్బు, పైగా వచ్చిన గుర్రాన్ని బతకనివ్వరు. ధనుర్వాతం టీకా దానికీ వేయించాలి, మీరూ వేయించుకోవాలి.

తిండి విషయంలో ఒక్క మాట. గుర్రం కడుపులో ఆమ్లం తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది, బయట వదిలేస్తే రోజులో 16 గంటల దాకా మేస్తూనే ఉండే జంతువు మరి. దాన్ని ఆకలితో తీసుకొచ్చి క్యారెట్ చూపించి నాలుగు చుట్లు తిప్పితే అది మీ వెంట రావడం కాదు, క్యారెట్ వెంట రావడం. గడ్డి తిని, నీళ్లు తాగి, తీరిగ్గా ఉన్నప్పుడే మొదలుపెట్టండి.

ఇంకోటి, ఇది చాలామందికి నచ్చదు. ఒంటరిగా కట్టేసి ఉంచిన గుర్రం మీరు కనపడగానే పరిగెత్తుకొస్తే అది ప్రేమ అనుకోకండి. గుర్రం మందలో బతికే జీవి, ఇంకో గుర్రం లేకపోతే మేకనైనా మనిషినైనా పట్టుకుని వేలాడుతుంది. పక్కన ఇంకో గుర్రం ఉండగా, దాన్ని వదిలి మీ దగ్గరికి వచ్చినప్పుడు లెక్క.

చోటు

గుండ్రటి కంచె ఉంటే మేలు, 50 నుంచి 60 అడుగుల వ్యాసం సరిపోతుంది. అంతకన్నా చిన్నదైతే గుర్రానికి వెళ్లిపోయే చోటే ఉండదు, మరీ ఎకరం పొలమైతే మొదట్లో మీ మాటే దాని దాకా చేరదు. కంచె ఐదడుగుల పైన ఉండాలి, కర్రలో పైపులో అయితే మంచిది. ముళ్లతీగ ఉన్నచోట ఈ పని పెట్టుకోకండి. కింద ఇసుక పోయించండి, రాళ్లు ఏరించండి.

తర్వాత నేను చెప్పేది విని చాలామంది నవ్వుతారు: కంచె లోపల ఒక పక్కన గడ్డి మోపు వేయండి. ట్రైనింగ్ చేసేచోట తిండి పెడితే గుర్రం మన మాట వింటుందా అంటారు. అందుకే పెట్టమంటున్నాను. మీకన్నా మంచిది ఇంకోటి అక్కడ ఉండగా అది మిమ్మల్ని ఎంచుకుందా లేదా అన్నది అప్పుడే తెలుస్తుంది. ఏ దారీ లేని చోట మీ దగ్గరికొచ్చి నిలబడితే దాన్నిబట్టి ఏమీ చెప్పలేం.

టైమ్ విషయానికొస్తే మార్చి నుంచి జూన్ దాకా పొద్దున ఎనిమిదిలోపే ముగించండి, మన ఎండల్లో ఆ తర్వాత దానికీ మీకూ బుర్ర పనిచేయదు. హెల్మెట్, గట్టి బూట్లు వేసుకోండి, చెప్పులతో లోపలికి వెళ్లకండి. గేటు బయట ఒక మనిషి ఉండాలి. ఫోన్ ఆ మనిషి చేతికివ్వండి, వీడియో కావాలంటే వాళ్లే తీస్తారు.

మొదటి అడుగు: ఏమీ చేయకపోవడం

ఇదే అన్నిటికన్నా కష్టం. హాల్టర్ (నోట్లో కళ్లెం లేకుండా తలకి తగిలించే పట్టీ) తీసేసి గుర్రాన్ని లోపల వదలండి. మీరు కంచెకి దగ్గరగా, ఎప్పుడైనా బయటికి జారుకోగలిగే చోట నిలబడండి. పిలవొద్దు, చిటికెలు వేయొద్దు, దగ్గరికి వెళ్లొద్దు. అది తిరుగుతుంది, వాసన చూస్తుంది, దొర్లుతుంది, గడ్డి తింటుంది, మిమ్మల్ని పట్టించుకోదు. పట్టించుకోకపోనివ్వండి. ఆ పావుగంటలో మీ పని చూడటమే.

ఏం చూడాలి? మొదట చెవులు. గుర్రం ఎటు ఆలోచిస్తోందో చెవి అటు తిరుగుతుంది, రెండు చెవులు రెండు వైపులకీ తిరగగలవు. మార్వాడీ, కాఠియావాడీ గుర్రాల చెవుల కొసలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకుతున్నట్టు ఉంటాయి కాబట్టి కొత్తవాళ్లు తికమకపడతారు, కొసని వదిలేసి చెవి మొదలు ఎటు తిరిగిందో చూడండి. తర్వాత కన్ను పైన ముడత: టెన్షన్‌గా ఉంటే కనురెప్ప పైన కోణంగా ముడత పడుతుంది, సడలితే అది చదునవుతుంది. ముక్కుపుటాలు, మూతి కింద గడ్డం బిగుతు, తోక. ఒక వెనక కాలు వంచి డెక్క కొస మీద ఆనించిందంటే ఒళ్లు వదిలేసిందని అర్థం, చెవులు వెనక్కి వాల్చి అదే పని చేస్తే మాత్రం తన్నడానికి సిద్ధమవుతోంది, ఆ తేడా మొదటి వారంలోనే పట్టుకోవాలి.

నోరు చప్పరించడం గురించి ఒక అపోహ బాగా తిరుగుతోంది. గుర్రం పెదాలు నాకుతూ నమిలితే "ఒప్పుకుంది, లొంగింది" అంటారు. అది ఎక్కువగా టెన్షన్ నుంచి తేలికపడే క్షణంలో కనిపిస్తుంది. అంటే దానికి ముందు క్షణం అది టెన్షన్‌లో ఉందన్నమాట. మీ గుర్రం మాటిమాటికీ నోరు చప్పరిస్తుంటే సంబరపడకుండా, మీరు దాన్ని ఎక్కువ ఒత్తిడి చేస్తున్నారేమో చూసుకోండి.

ఏదో ఒకరోజు అది తల ఎత్తి మీ వైపు చూస్తుంది, నాలుగడుగులు వేస్తుంది, మెడ సాచి మీ చొక్కా వాసన చూస్తుంది. అప్పుడు చెయ్యి చాపాలనిపిస్తుంది. చాపకండి. వాసన చూసి వెళ్లనివ్వండి. మనిషి దగ్గరికి వెళ్తే పట్టుకోరు అన్న కొత్త సంగతి దానికి అప్పుడే తెలుస్తుంది, అంత విలువైన పాఠాన్ని ముట్టుకోవాలన్న ఆత్రంతో పాడుచేసుకోవద్దు.

రెండో అడుగు: గోకడం

గుర్రాలు ఒకదానికొకటి ఎదురెదురుగా నిలబడి మూపు దగ్గర పళ్లతో గోక్కోవడం చూసే ఉంటారు. మెడ అయిపోయి వీపు మొదలయ్యే ఎత్తైన చోటు అది, జీను ముందంచు దాని వెనకే కూర్చుంటుంది. అక్కడ గోకితే గుర్రం గుండె వేగం తగ్గుతుందని ఫ్రాన్స్‌లో కమార్గ్ గుర్రాల మీద చేసిన పరిశోధనలో తేలింది, 1993లో అచ్చయింది. మనవాళ్లు మాత్రం నుదుటి మీద టపటపా తడతారు, గుర్రానికి అది మెచ్చుకోలు అనిపించదు.

దగ్గరికి వెళ్లేటప్పుడు భుజం వైపు నుంచి, కాస్త వంపు తిరుగుతూ వెళ్లండి. గుర్రానికి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది గానీ సరిగ్గా నుదుటి ముందు, సరిగ్గా తోక వెనక కనిపించదు, ఆ రెండు చోట్ల నుంచి ఊడిపడకండి. వెళ్తుంటే తల పక్కకి తిప్పుకుందా, అక్కడే ఆగండి, అవసరమైతే ఒక అడుగు వెనక్కి వేయండి. మళ్లీ మీ వైపు చూస్తే అప్పుడు ముందుకి.

వేళ్ల కొసలతో గట్టిగానే గోకండి, నాలుగైదు సెకన్లు. ఆపేయండి. చెయ్యి దించేసి చూడండి. పై పెదవి సాగి వంకరగా ఊగుతున్నా, మెడ మీ వైపు వాలుతున్నా ఇంకా కావాలని అర్థం, మళ్లీ గోకండి. కదలకుండా బిగుసుకుని ఉన్నా, ఒక అడుగు పక్కకి వేసినా చాలు అన్నట్టు, మీరే వెళ్లిపోండి. ఇలా అడిగి, ఆపి, జవాబు కోసం చూడటం రోజూ చేయండి. బరాత్ గుర్రంతో ఇక్కడ వారాలు పట్టొచ్చు, దానికి జవాబు చెప్పే అలవాటే పోయి ఉంటుంది. మొదటిసారి "వద్దు" అని మెడ తిప్పిన రోజు నాకైతే మిఠాయి పంచాలనిపిస్తుంది.

మూడో అడుగు: తాడుతోనే మొదలు

లిబర్టీ అంటే మొదటి రోజే తాడు పారేయడం అనుకుంటారు. తాడు లేకుండా అడగబోయేవన్నీ తాడుతో ఉన్నప్పుడే దానికి అర్థం కావాలి. మెత్తటి హాల్టర్, 12 నుంచి 14 అడుగుల లావుపాటి నూలు తాడు తీసుకోండి. నైలాన్ తాడు గుంజితే అరచెయ్యి కాలిపోతుంది. ఏ తాడైనా చేతికి చుట్టుకోకూడదు, మడతలుగా పట్టుకోవాలి, గుర్రం పరిగెడితే వేళ్లు వదిలేస్తే జారిపోయేలా.

మూడే పనులు నేర్పండి: వెనక్కి ఒక అడుగు, వెనక భాగం పక్కకి జరపడం, పిలిస్తే ముందుకు రావడం. ప్రతిదీ చిన్నగా అడగడంతో మొదలవ్వాలి. వెనక్కి పంపాలంటే మొదట మీరు నిటారుగా నిలబడి ఊపిరి పీల్చండి, అంతే. కదలకపోతే చెయ్యి ఎత్తకుండా వేళ్లు ఊపండి. అప్పటికీ లేదంటే తాడు కొంచెం కదిలించండి. ఇక అసలు సంగతి, దీన్ని రెండుసార్లు చదవండి: గుర్రం డెక్క ఎత్తక్కర్లేదు, బరువు వెనక్కి వాలిందంటే చాలు, ఆ క్షణంలోనే మీరు సడలిపోవాలి, ఒక సెకను లోపే. గుర్రం నేర్చుకునేది మీరు ఒత్తిడి పెట్టినప్పుడు కాదు, వదిలినప్పుడు. రెండు సెకన్లు ఆలస్యమైతే అది అప్పటికి తల ఎత్తి ఉంటుంది, అప్పుడు మీరు తల ఎత్తడం నేర్పినట్టు. గుర్రం మొండిది అని చెప్పేవాళ్ల చేతులు చూడండి, సగం సమస్య అక్కడే దొరుకుతుంది.

బరాత్ గుర్రంతో చేతులు కిందే ఉంచండి. చెయ్యి పైకెత్తినా, ఏదైనా డప్పులా మోగినా ముందుకాళ్లు లేపి ఆడేలా నేర్పి ఉంటారు కొన్నిటికి. మీరు "వెనక్కి" అనుకుంటూ చెయ్యి ఎత్తితే అది పాపం డాన్స్ మొదలుపెడుతుంది, మీరు సరిగ్గా దాని ఎదురుగా నిలబడి ఉంటారు, డెక్క మీ మోకాలికి తగులుతుంది.

ఆ తర్వాత నడక. దాని మెడ పక్కన, చెయ్యి చాచినంత దూరంలో నిలబడండి. తాడు వేలాడుతూ ఉండాలి, బిగిసిందంటే మీరు లాగుతున్నారు. మీరు అడుగేయబోయే ముందు ఒళ్లు కొంచెం ముందుకు వాలుతుంది కదా, గుర్రం దాన్ని పట్టుకుంటుంది. ఆగేముందు ఊపిరి వదిలి మోకాళ్లు సడలించండి. పొడవాటి అంగలు, చిన్న అంగలు, మెల్లగా, చటుక్కున ఆగడం, దానికి దూరంగా తిరగడం, దాని వైపు తిరగడం, ఇవన్నీ కలగలిపి చేయండి. తాడు ఒక్కసారి కూడా బిగుసుకోకుండా మొత్తం రౌండ్ అయిందంటే తాడు ఉన్నా లేనట్టే.

గుర్రం మన ఒంటిని ఇంత బాగా చదువుతుందా అని అనుమానమైతే హాన్స్ కథ వినండి. 1900ల మొదట్లో బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని గొప్ప పేరు. యజమాని విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ కూడిక అడిగితే డెక్కతో అన్నిసార్లు నేల మీద తట్టేది. 1907లో ఆస్కార్ ఫంగ్స్ట్ అనే ఆయన పరీక్షలు చేసి గుట్టు తేల్చాడు: అడిగిన మనిషికి జవాబు తెలియకపోతే హాన్స్‌కీ రాదు. సరైన అంకె రాగానే ఎదుటి మనిషి తల, ముఖం తనకి తెలియకుండానే రవ్వంత కదిలేవి, అది చూసి హాన్స్ ఆపేసేది. విశేషం ఏంటంటే, ఈ సంగతి బయటపడ్డాక కూడా ఫంగ్స్ట్ తన ఒంటి కదలికల్ని పూర్తిగా అదుపు చేసుకోలేకపోయాడు. ఆఫీసులో గొడవపడి, ట్రాఫిక్‌లో గంటన్నర ఇరుక్కుని ఫామ్‌కి వచ్చి "ఇవాళ గుర్రానికేదో అయింది" అనేవాళ్లకి ఈ కథ పనికొస్తుంది.

నాలుగో అడుగు: తాడు విప్పడం

చాలా గుర్రాలకి హాల్టర్ క్లిప్ చప్పుడు అంటే "పరిగెత్తు" అని. విప్పగానే గిర్రున తిరిగి వెనక కాళ్లు విసురుకుంటూ పోతాయి, మనుషులకి దెబ్బలు తగిలేది కూడా ఎక్కువగా ఆ క్షణంలోనే. కాబట్టి ఆ చప్పుడు అర్థాన్ని మార్చాలి. మూపు గోకుతూ క్లిప్ తీయండి, మళ్లీ పెట్టండి, మళ్లీ తీయండి. చప్పుడు వినగానే చెవి కూడా తిప్పని స్థితి వచ్చేదాకా చేయండి. ఆ తర్వాత తాడు తీసి మెడ మీద వేయండి, కొసలు కాళ్లకి తగలకుండా మీ చేతిలోనే ఉండాలి, అలా నడవండి. ఇంకో రోజు అదీ తీసేయండి. హాల్టర్ తీసేటప్పుడు గుర్రం తల మీ వైపు, మీ వీపు గేటు వైపు ఉండాలి, అది తల దించేదాకా ఆగి తీయండి.

ఇప్పుడు నడవండి, తాడు ఉన్నప్పుడు ఎలా నడిచారో అలాగే. మొదటిసారి ఐదారు అడుగులు వస్తే చాలు. ఆగండి, గోకండి, ఇక చాలించి బయటికి వెళ్లిపోండి. ఇంత బాగా చేసింది కదా ఇంకోసారి చూద్దాం అని నాలుక దాకా వస్తుంది, మింగేయండి.

వెళ్లిపోతే? వెళ్లనివ్వండి. మీరున్న చోటే నిలబడండి, భుజాలు వదలండి. గడ్డి దగ్గరికి పోతే తిననివ్వండి. కాసేపటికి మెల్లగా వంపు తిరుగుతూ దాని భుజం వైపు నడవండి, ఒక చెవో కన్నో మీ వైపు తిరిగిన మరుక్షణం ఆగి, మీరే పక్కకి తిరిగి రెండడుగులు దూరం జరగండి. అది చూసింది, మీరు ఒత్తిడి తీసేశారు. ఇలా కొన్నిసార్లు జరిగాక చాలా గుర్రాలు మీ వెనక అడుగు వేస్తాయి. వేయకపోతే ఆ రోజుకి వదిలేయండి. మూడు రోజులు వరుసగా వెళ్లిపోతూనే ఉంటే తప్పు నాలుగో అడుగులో వెతక్కండి, మూడోదానికి వెళ్లండి.

ఇక్కడ ఒక ప్రసిద్ధ పద్ధతి గురించి చెప్పాలి. రౌండ్ పెన్‌లో, అంటే ఇందాక చెప్పిన గుండ్రటి కంచెలో, గుర్రాన్ని తరిమి తరిమి, అది అలిసి తల దించాక మనం వెనక్కి తిరిగితే మన వెంట వస్తుంది. అమెరికాలో మాంటీ రాబర్ట్స్ దీనికి బాగా ప్రచారం తెచ్చాడు. పనిచేస్తుందా అంటే చేస్తుంది, పాత పద్ధతుల్లో కట్టేసి కొట్టి లొంగదీయడం కన్నా చాలా నయం కూడా. కానీ అది మందలో నాయకుణ్ని ఒప్పుకోవడం లాంటిది అన్న మాట మాత్రం నిలబడలేదు. సిడ్నీ విశ్వవిద్యాలయం పరిశోధకులు మనిషి బదులు ఒక రిమోట్ కంట్రోల్ బొమ్మ కారుతో ఇదే చేసి 2012లో ఫలితాలు చెప్పారు: కారు తరమడం ఆపితే గుర్రాలు కారు వెంట కూడా వెళ్లడం నేర్చుకున్నాయి. తరిమేది ఆగే చోటుకి వెళ్లడం అనేది తెలివైన జంతువు ఏదైనా చేసే పని. బరాత్‌లో జనం మధ్య ఇరుక్కుని బతికిన గుర్రాన్ని మళ్లీ కంచెలో వేసి తరమాల్సిన అవసరం నాకు కనిపించదు, ఎవరేమన్నా సరే.

ఐదో అడుగు: పంపడం, పిలవడం

మీతో నడవడం కుదిరాక కొంచెం దూరం పెట్టొచ్చు. వేలు ఎటు వెళ్లాలో చూపించండి, కళ్లు దాని తొంటి మీద పెట్టండి, అది ముందుకు కదులుతుంది. రెండడుగులు వెనక్కి వేసి భుజం తిప్పితే మీ వైపు వస్తుంది. పొడవాటి కర్ర కావాలంటే పట్టుకోండి, మీ చెయ్యి పొడవు పెంచుకోవడానికి మాత్రమే. ఆ కర్రతోనే రోజూ దాని మూపు గోకుతూ ఉంటే దాన్ని చూసి భయపడదు. మొదట్లో సగం చుట్టు చాలు. చుట్లు మీద చుట్లు తిప్పితే గుర్రానికి విసుగు, కీళ్లకి చేటు.

రెండు వైపుల నుంచీ చేయండి. ఒక కంటితో చూసింది రెండో కంటికి తెలియదు అనే మాట బాగా వినిపిస్తుంది, అది నిజం కాదని పరీక్షల్లో తేలింది. అయినా మన గుర్రాలన్నిటినీ జీను వేసేది, ఎక్కేది, నడిపించేది ఎడమ వైపు నుంచే కాబట్టి కుడి వైపు మనిషి ఉంటే వాటికి కొత్త.

తాయిలాలు

పెట్టొచ్చా అంటే పెట్టొచ్చు. క్యారెట్‌ని గుండ్రంగా కాకుండా నిలువు ముక్కలుగా కోయండి, గొంతుకి అడ్డం పడవు. నానబెట్టిన ఉలవలు గుప్పెడు, బెల్లం అయితే గోళీకాయంత, బాగా లావెక్కిన గుర్రానికి అదీ వద్దు. తల తిన్నగా తన ముందుకు పెట్టుకుని ఉన్నప్పుడు మాత్రమే, అరచెయ్యి చాచి, దాని మూతి దగ్గరికి మీరే తీసుకెళ్లి ఇవ్వండి. జేబు వెతుకుతుంటే ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వకండి, కొట్టకండి కూడా, కదలకుండా నిలబడి అది తల తిప్పుకునేదాకా ఆగండి. జేబు వెతికితే ఏమీ రాదు, తల తిప్పుకుంటే వస్తుంది అని తేలిగ్గానే నేర్చుకుంటుంది. పిల్లలు మాత్రం కంచె బయట నుంచి పెట్టకూడదు. వాళ్లు భయపడి చెయ్యి వెనక్కి లాగుతారు, గుర్రం ఆ చెయ్యి వెంట పళ్లు చాపుతుంది.

ఎక్కువగా ఎదురయ్యేవి

మీద పడుతోంది, తలతో తోస్తోంది: అది చనువు అని మురిసిపోవద్దు. 400 కిలోల జంతువు చనువుగా ఒరిగినా మీ పక్కటెముక విరుగుతుంది. వెనక్కి అడుగు పాఠం మళ్లీ చేయండి, మీ చుట్టూ చెయ్యి చాచినంత చోటు మీది.

చెవులు వెనక్కి అతుక్కుపోయి, మూతి బిగించి దగ్గరికొస్తోంది: ఆ రోజు పని లేదు. కంచె వైపు పక్కగా నడుస్తూ బయటికి రండి, వీపు చూపించకండి. డొక్కలో నొప్పా, ఆకలా, పక్క గుర్రంతో గొడవా, మీరు మొన్న బాగా విసిగించారా, ఆలోచించుకోండి.

కంచె వెంట పిచ్చిగా పరిగెడుతోంది: బయట ఉన్న జతగుర్రం కనిపించకపోతే ఇలా చేస్తుంది. దాన్ని తెచ్చి కంచె పక్కన కట్టండి. అప్పటికీ ఆగకపోతే హాల్టర్ వేసి కాసేపు నడిపించి తీసుకెళ్లిపోండి, అలసిపోయేదాకా చూస్తూ నిలబడొద్దు.

విత్తులు కొట్టించని మగగుర్రం అయితే, ముఖ్యంగా మార్వాడీ మగగుర్రం అయితే, అనుభవం ఉన్న మనిషి పక్కన లేకుండా ఇది మొదలుపెట్టకండి. చేయలేమని కాదు, మొదటి గుర్రంగా అది సరిపడదు.

రోజుకి పది, పదిహేను నిమిషాలు చాలు. మధ్యలో రెండు రోజులు మానేసినా నష్టం లేదు, రోజూ పాఠం చెప్పిన గుర్రాల కన్నా గ్యాప్ ఇచ్చి చెప్పినవి తక్కువ పాఠాల్లోనే నేర్చుకున్నట్టు పరిశోధనలు ఉన్నాయి. గుర్రాల్ని చూసుకునే మా సైస్‌ల మాటల్లో చెప్పాలంటే, గుర్రానికి నెమరు లేదు గానీ పాఠం మాత్రం నెమరేసుకుంటుంది.

కొన్ని నెలల తర్వాత రౌండ్ పెన్ చాలడం లేదనిపిస్తుంది. అప్పుడు కంచె ఉన్న పెద్ద ప్యాడాక్‌కి మారండి, మొదటి రోజులు మళ్లీ తాడుతో, ఎందుకంటే చోటు మారితే గుర్రానికి పాఠం కూడా కొత్తదే. పక్క ఫంక్షన్ హాల్‌లో పెళ్లి ఉన్న రోజు మానేయండి, డప్పు వినగానే మీ బరాత్ గుర్రం పాత ఉద్యోగంలోకి వెళ్లిపోతుంది. కంచె లేని చోట, రోడ్డు పక్కన, ఎంత నమ్మకం కుదిరినా తాడు విప్పొద్దు. ఒక లారీ హారన్ చాలు, అది ఎటు పరిగెడుతుందో దానికే తెలియదు. గేటు గొళ్లెం ఎవరో వేశారులే అనుకోకుండా ప్రతిసారీ మీరే లాగి చూసుకోండి.